ఎవరూ అడగలేదు

జనవరి 8, 1984, ఆదివారం

మిసెస్ ఆడ్లర్ జూన్‌లో రిటైరవుతుందట. ఈ కబురు చెప్పడానికి ఇంకో సమయమే దొరకనట్టు, నేను మంచులో తడిసొచ్చిన పిల్లల బూట్లు గోడవారగా పెట్టిస్తూ, కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీస్తూ ఉన్నప్పుడు చెప్పింది. "నా తరవాత ఈ స్కూలు నువ్వే చూసుకోవాలి రూత్. బోర్డులో నీ పేరు నేనే పెడతాను" అంది.

నాకేమీ అక్కర్లేదు. ఉన్న పనికే తల బొప్పికడుతోంది. మంగళ, గురువారాలు సాయంత్రాలు, ఆదివారం పొద్దున, ఈ అమెరికా ఊళ్ళో యూదుల గుడి, అదే సినగాగు, దాని బేస్‌మెంట్‌లో వాళ్ళ పిల్లలకి హీబ్రూ చదవడం నేర్పుతున్నాను, ఏడేళ్ళుగా. నేర్పుతున్నానని నేను అనుకోవడమే. వాళ్ళు ఆటలు మాన్పించి తీసుకొచ్చారన్న కోపంతో కూర్చుంటారు. తల్లులు కారు ఇంజన్ ఆపకుండానే దించేసి పోతారు. పక్కగదిలో బాయిలర్ నా గొంతుతో పోటీ పడి మోగుతుంది. దీనికి ప్రిన్సిపాల్‌గిరీ కూడానా.

ఇంటికొచ్చేదాకా ఆ ప్రిన్సిపాల్ గది కిటికీకి ఏ రంగు కర్టెన్ బావుంటుందా అని ఆలోచించాను.

ఆవిడ ఒక మెలిక పెట్టింది. "టీచరుగా ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి నీకూ నాకూ మధ్యే. ప్రిన్సిపాల్ అంటే వేరు. ఓటింగ్‌కి ముందు బోర్డుకి నువ్వే చెప్పాలి. నేను చెప్పను" అంది.

ఆ సంగతంటే నేను క్రిస్టియన్నని. ఏదో ఖూనీ చేసి వచ్చినట్టు చెప్పుకోవలసిన విషయం అయిపోయింది! నేనెప్పుడు దాచాను? ఎవరూ అడగలేదు. పేరు రూతు, ఊరు ఇండియా, హీబ్రూ వచ్చు. ఈ మూడూ కలిపి నన్ను బొంబాయి యూదురాలిని చేసుకున్నారు, వాళ్ళంతట వాళ్ళే. కాదని మెళ్ళో అట్ట కట్టుకుని తిరగాలా? గది తలుపు మీద నా పేరు పక్కన మా నాన్న పేరు ఏసుపాదం అని ఇంగ్లీషులో రాసే ఉంది. దానికి అర్థం ఏమిటని కూడా ఎవరూ అడగలేదు.

వచ్చే ఆదివారం బోర్డు ప్రెసిడెంటు కాంటర్ గారికి చెప్పేస్తాను. ఒక్క నిమిషం పని.

జనవరి 15

మంచు. స్కూలు లేదు.

జనవరి 22

కాంటర్ గారికి జలుబట. రాలేదు. ప్రెసిడెంటు లేకుండా ఎవరికి చెప్పను?

జనవరి 29, ఆదివారం

పొద్దున స్కూలు, మధ్యాహ్నం చర్చి. మన తెలుగు చర్చి కూడా బేస్‌మెంటే, మెథడిస్టుల దగ్గర అద్దెకి తీసుకున్నది. నా బతుకంతా నేలమాళిగల్లోనే తెల్లారుతోంది.

పాస్టర్ జయరాజు గారు వారమంతా పోస్టాఫీసులో పనిచేసి ఆదివారం అయ్యగారవుతారు. మంచివారే. ఒళ్ళు బాగాలేదంటే సూప్ పట్టుకుని మొదట వచ్చేది ఆయనే. కానీ ప్రార్థన మనవులు చదివే వేళకి నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరింట్లో ఏ గుట్టున్నా అందరి ముందూ చదివేస్తారు. ఫలానా వారి కొడుకు లెక్కల్లో ఫెయిలయ్యాడు, ఫలానా వారి అత్తగారికి మూలశంక, ప్రార్థించండి. ఆ తరవాత నా వంతు: "మన సహోదరి రూతమ్మ ఇశ్రాయేలు బిడ్డల మధ్య చేస్తున్న సువార్త సేవ కొరకు."

ఏ సేవ? నేను అక్షరాలు నేర్పుతున్నాను. నోట్లో చూయింగ్ గమ్ తీయమని అరుస్తున్నాను. 1977లో మిసెస్ ఆడ్లర్ నన్ను తీసుకున్న రోజు ఒకే ఒక మాట అడిగింది. "ఇక్కడ చదవడం నేర్పు. నమ్మకం మా మతగురువు రబ్బీ నేర్పుతారు. మీ ప్రభువు పేరు ఈ మెట్లు దిగకూడదు" అంది. మాట ఇచ్చాను. ఇచ్చిన మాట మీదే ఉన్నాను.

ఆ సంగతి లేచి చెప్పొచ్చుగా అంటే, ప్రార్థన మధ్యలో లేవడం ఏం మర్యాద? మా ఆయన నా పక్కన కళ్ళు మూసుకుని, "ఆమేన్" అని అందరికంటే గట్టిగా అన్నారు. ఆ గొంతులో గర్వం వింటే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఫిబ్రవరి 9, గురువారం

కాంటర్ గారి అమ్మాయి డెబ్రా ఇవాళ మళ్ళీ తెలివితేటలు చూపించింది. అక్టోబరులో దానికి పదమూడేళ్ళ పండగ. సభలో నిలబడి ధర్మశాస్త్రపు చుట్ట విప్పి చదవాలి. సగం అక్షరాలు చూస్తుంది, మిగతా సగం ఇలా ఉంటే బావుంటుందని కల్పించి చదివేస్తుంది. అర్థం చెప్పమంటే కథ అల్లుతుంది.

"అక్కడున్నది చెప్పు, నీకు కావలసింది కాదు" అన్నాను. ఈ ముక్క ఏడేళ్ళలో ఎన్నిసార్లు అన్నానో. పిల్లలు నన్ను వెక్కిరించడానికి ఇదే అంటారు, ముక్కుతో, నా యాసలో.

నాకు చేతనైన పద్ధతి ఒకటే. పుస్తకం మూసేసి ముందు చెవికి ఎక్కించడం. నర్సాపురంలో సండే స్కూల్లో మా అమ్మ మా చేత కంఠత వాక్యాలు చెప్పించినట్టే, చప్పట్లు కొట్టిస్తూ, నేను ఒకటి అంటే వాళ్ళు ఒకటి. నోటికొచ్చాక అప్పుడు అక్షరం మీద వేలు పెట్టిస్తాను. మొదట్లో తల్లిదండ్రులు గోల చేశారు, ఇదేం అరవడం అని. ఇప్పుడు పక్క ఊరి సినగాగు వాళ్ళొచ్చి చూసి వెళ్తున్నారు. మా అమ్మ పద్ధతి అని వాళ్ళకి చెప్పాను. మా అమ్మ ఏ బడిలో చెప్పేదో వాళ్ళు అడగలేదు.

బెంగుళూరు థియాలజీ కాలేజీలో హీబ్రూ క్లాసంతటికీ ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ క్లాసులో అందరికంటే బాగా చదివాను. ఇక్కడికొచ్చి ఎం.ఏ. చేశాక సెమినరీలన్నిటికీ రాస్తే, మీ దేశానికి వెళ్ళి మీవాళ్ళకి చెప్పుకోండి అన్నట్టు మర్యాదగా జవాబిచ్చారు. నాకు పాఠం చెప్పే పని ఇచ్చింది ఈ బాయిలర్ పక్క గదే. ఈ స్కూలు నాకు కావాలి. రాసేశాను, ఎలాగూ ఎవరూ చూడరు.

ఈ ఆదివారం తప్పకుండా చెప్తాను.

ఫిబ్రవరి 12

కాంటర్ గారు వచ్చారు. చాలా సంతోషంగా ఉన్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషికి చెప్పబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 26

కాంటర్ గారు వచ్చారు. ఏదో చిరాగ్గా ఉన్నారు. చిరాకులో ఉన్న మనిషికి చెప్తే ఏమన్నా ఉందా?

మార్చి 18, ఆదివారం

వాళ్ళ పూరిం పండగ. పిల్లలు రాజుల వేషాలు, రాణుల వేషాలు కట్టుకుని, గిలక్కాయలు తిప్పుతూ కొంప ఎగిరిపోయేట్టు గోల. మా అమ్మాయి లూసీని కూడా తీసుకెళ్ళాను. పద్నాలుగేళ్ళ పిల్ల ఇంట్లో కూర్చుని టీవీ చూడ్డం కన్నా నయమని.

డెబ్రా వాళ్ళమ్మ మిసెస్ కాంటర్ నా పక్కనే కూర్చుంది. మెత్తటి మనిషి. తన చిన్నతనంలో ఆడపిల్లలకి హీబ్రూ చెప్పించలేదట, ఒక్క అక్షరం రాదట. కూతురు చదువుతుంటే పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా తనకి తెలియదని నవ్వుతూనే చెప్పింది. కళ్ళల్లో మాత్రం నవ్వు లేదు. ఆ తరవాత, "బొంబాయిలో మీ అమ్మగారు పండక్కి ఏం చేసేవారు?" అని అడిగింది.

"అరిసెలు" అన్నాను.

అరిసెలంటే ఏమిటో వివరంగా చెప్పాను, బియ్యం నానబెట్టి దంచడం దగ్గర నుంచి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. మా అమ్మ నిజంగానే చేసేది. ఏ పండక్కో ఆవిడ అడగలేదు.

కార్లో లూసీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "మమ్మీ, వాళ్ళకి తెల్సా?"

"ఎవరూ అడగలేదే."

"అది సేమ్ కాదు మమ్మీ."

దీనికి తెలుగు సరిగ్గా రాదు గానీ, ఇలాంటివి చెప్పాల్సి వస్తే మాత్రం ఎక్కడ లేని తెలుగూ వచ్చేస్తుంది. రేడియో పెంచాను.

ఏప్రిల్ 16, సోమవారం

వాళ్ళ పస్కా పండగ భోజనానికి మా ముగ్గుర్నీ రమ్మని కాంటర్లు పిలిచారు. గొంతు నొప్పి అన్నాను. సాయంత్రానికి నిజంగానే నొప్పి వచ్చింది.

ఏప్రిల్ 22, ఆదివారం

ఈస్టరు. ఆరాధనలో మా ఆయన సాక్ష్యం చెప్పారు. చెప్తానని నాకు ముందుగా ఒక్క ముక్క అనలేదు. "నా భార్య యూదుల స్కూలుకి ప్రిన్సిపాల్ కాబోతోంది. దేవుడు ద్వారం తెరిచాడు. ఇన్నాళ్ళూ నిశ్శబ్దంగా విత్తనాలు జల్లింది" అన్నారు. జనం చప్పట్లు. ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

ఇంట్లో ఒంటికాలి మీద లేచాను. పరువు గురించి అరిచాను, అడక్కుండా చెప్పడం గురించి అరిచాను, కూర చల్లారిపోవడం గురించి కూడా అరిచాను. అసలు సంగతి తప్ప అన్నీ అరిచాను. ఆయన నిదానంగా, "అందులో తప్పేముంది రూతూ? నీ గురించి చెప్పుకోవాలని నాకుండదా?" అన్నారు.

మే 6

మిసెస్ ఆడ్లర్ అడిగింది, చెప్పావా అని. ఇంకా లేదన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏమన్నా అనుంటే పోట్లాడేదాన్ని.

మే 20, ఆదివారం

జూన్ 3న మా స్కూలు ముగింపు సభ. పిల్లలు చదువుతారు, పాడతారు, తరవాత కాఫీలు. ఆ మరుసటి వారం బోర్డు ఓటు. సభ అయ్యాక కాంటర్ గారిని పక్కకి పిలిచి చెప్తాను. పిల్లలు బాగా చదివారన్న సంతోషంలో ఉంటారు, అదే మంచి సమయం. ముందే ఎందుకు తోచలేదో.

టీచర్ల కుటుంబాలు కూడా రావాలట. మా ఆయనతో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. మీరూ లూసీ, అంతే. ఇంకెవరికీ చెప్పకండి. సరే సరే అన్నారు. రెండు సరేలు వచ్చాయంటే ఆయన వినలేదని పదహారేళ్ళ కాపురంలో నాకు తెలియాలి.

జూన్ 3, ఆదివారం

జరిగింది జరిగినట్టు వరసగా రాసుకుంటాను, లేకపోతే రేపటికి నాకు కావలసినట్టు మార్చుకుంటాను.

పిల్లలు బాగా చదివారు. అది మొదట రాయాలి. చప్పట్లు లేకుండా, పుస్తకం మీద వేలు పెట్టి, తడుముకోకుండా. డెబ్రా ఒక్క అక్షరం కల్పించలేదు. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. మిసెస్ ఆడ్లర్ నా భుజం మీద చెయ్యి వేసింది. ఏడేళ్ళ బాయిలర్ హోరంతా ఆ పావుగంటకి సరిపోయిందనిపించింది.

అప్పుడు మెట్ల మీద అలికిడి. తిరిగి చూద్దును కదా, జయరాజు గారు. సూటు, టై. ఆయన వెనక పాస్టరమ్మగారు, ఆ వెనక మా చర్చి. మూడు కార్లలో వచ్చారు. పవిత్ర స్థలమని బూట్లూ చెప్పులూ గుమ్మం బయటే విడిచి, మేజోళ్ళతో నడుచుకుంటూ వచ్చారు. ఆడవాళ్ళు నెత్తి మీద కొంగులు కప్పుకున్నారు. ఒకావిడ చేతిలో గులాబీల దండ. ఎంత భక్తిగా వచ్చారో! మా ఆయన ముఖం వెలిగిపోతోంది. నన్ను సంతోషపెట్టడానికి చేశారు. నా అరికాలి మంట నెత్తికెక్కింది, అయినా దండ వేస్తుంటే తల వంచాను.

"ఇండియా నుంచి మీ బంధువులా?" అని కాంటర్ గారు ఎదురెళ్ళి చేతులు కలిపారు. కుర్చీలు వేయించారు. ఇక్కడితో ఆగినా బయటపడేదాన్నే. ఒక కాఫీ, ఒక కేకు ముక్క, వందనాలు, సెలవు.

కానీ మన వాళ్ళు ప్రార్థన లేకుండా ఒక గడప దాటుతారా? పుట్టినరోజుకి ప్రార్థన, కారు కొంటే ప్రార్థన, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసుల మధ్య ప్రార్థన. "ఒక్క చిన్న ప్రార్థన చేసుకుని వెళ్తామండీ" అని జయరాజు గారు ఇంగ్లీషులో కాంటర్ గారిని అడిగారు. ఆయన ఆనందంగా తల ఊపారు. నేను నోరు తెరిచేలోగా మన మగవాళ్ళంతా, గుమ్మంలో వాళ్ళకిచ్చిన చిన్న టోపీలు తీసేసి జేబుల్లో పెట్టుకున్నారు. ప్రార్థనకి తల మీద ఏమీ ఉండకూడదని మనకి భక్తి. తల కప్పుకోవాలని ఇక్కడి వాళ్ళకి భక్తి. హాలంతా ఒక్క క్షణం గతుక్కుమంది.

జయరాజు గారు నా తల మీద చెయ్యి పెట్టారు. ఆయనకి చిన్న ప్రార్థన చేతకాదు.

"కృపగల తండ్రీ, నీ దాసురాలైన రూతమ్మను ఈ స్థలమునకు నడిపించినందుకై స్తోత్రములు. ఏడు సంవత్సరములుగా ఈ యూదుల బిడ్డల హృదయములలో ఆమె రహస్యముగా విత్తిన నీ వాక్యమును మొలిపించుము. ఈ బిడ్డల కన్నులు తెరువుము. వీరిని నీ కుమారుని యొద్దకు నడిపించుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ."

"ఆమేన్" అన్నారు మన వాళ్ళు. "ఆమేన్" అన్నారు హాల్లో సగం మంది కూడా, మర్యాదకి.

కాంటర్ గారి ముఖం కొంచెం మారింది గానీ, చిరునవ్వు అలాగే ఉంది. "చాలా బావుంది. ఆయనేమన్నారు రూత్?" అని అడిగారు.

ఏడేళ్ళలో మొదటిసారి, ఎవరో అడిగారు.

పిల్లల్ని ఆశీర్వదించారు అనొచ్చు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ మాట నాలిక చివరికి వచ్చేసింది. డెబ్రా నా పక్కనే నిలబడి ఉంది, నా వంకే చూస్తూ, పుస్తకం ఇంకా చేతిలోనే పట్టుకుని. వెక్కిరించడం లేదు. నేను అర్థం చెప్తానని ఎదురు చూస్తోంది, క్లాసులో లాగే.

చెప్పాను. ఒక్కో వాక్యం, వరసగా, ఏదీ తియ్యకుండా. "యూదుల పిల్లలు" అన్నాను. "రహస్యంగా విత్తిన" అన్నాను. "నీ కుమారుడి దగ్గరికి" అన్నాను. ప్రభువు పేరు నా నోటితో, ఆ మెట్ల కింద, మొదటిసారి పలికాను. హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"నేను క్రిస్టియన్ని. బొంబాయి నుంచి కాదు. ఇక్కడ చదవడం తప్ప ఇంకేమీ నేర్పలేదు. ఆ 'రహస్యంగా' అన్నది నిజం కాదు, మిగతా ప్రార్థన ఆయన నమ్మి చేసినదే" అన్నాను. మిసెస్ ఆడ్లర్ లేచి నా పక్కకి వచ్చి, తనకి మొదటి నుంచీ తెలుసని చెప్పింది. ఆ మాట చెప్పాల్సిన అవసరం ఆవిడకి లేదు.

జయరాజు గారికి ఇంగ్లీషు బాగానే వచ్చు. చెయ్యి నా తల మీద నుంచి తీశారు. "అయితే అమ్మా, ఏడేళ్ళూ ఇక్కడ ఏం చెప్పావు?" అని తెలుగులో అడిగారు.

"చదవడం చెప్పానయ్యగారూ."

"ప్రభువు పేరు ఒక్కసారన్నా..."

"లేదండీ. చెప్పనని మాట ఇచ్చాను."

ఆయనకి కోపం రాలేదు. వచ్చుంటే బావుండేది. ముసలివాడైపోయినట్టు మెట్ల వైపు నడిచారు. గుమ్మం బయట కూర్చుని బూట్లు వేసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. పిల్లల తల్లులు ఒక్కొక్కరే పిల్లల చేతులు పట్టుకుని వెళ్ళిపోయారు. మిసెస్ కాంటర్ నన్ను దాటుకుని వెళ్తూ, నా ముఖం కాదు, నా మెళ్ళో దండ చూసింది.

కార్లో మా ఆయన, "మాట ఇచ్చానని నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరు అడగలేదు" అన్నాను.

అనేశాక నాకే వినపడింది. వెనక సీట్లో లూసీ ఏమీ అనలేదు, ఈ ఒక్కసారికి.

జూన్ 12, మంగళవారం

బోర్డు ఓటు అయిపోయింది. ప్రిన్సిపాల్ సంగతి సరే, టీచరుగా కూడా వద్దన్నారు. ఒక్క ఓటు తేడా అట. మిసెస్ ఆడ్లర్ ఫోన్లో చెప్తూ ఏడ్చింది. నేను ఓదార్చాల్సి వచ్చింది. ఇది కూడా నా పనే.

"జనవరిలోనే చెప్పుంటే గెలిచేదానివి రూత్. నిన్ను వద్దన్న వాళ్ళు నువ్వు క్రిస్టియన్‌వని అనలేదు. చెప్పలేదని అన్నారు" అంది.

ఈ మాట ఆవిడ చెప్పకుండా ఉంటే ఆవిడ సొమ్మేం పోయేది?

జూన్ 17, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవులు చదివారు. నా పేరు లేదు. ఎన్నాళ్ళుగానో అదే కోరుకున్నాను. చదవకపోతే కూర్చోలేకపోయాను. మధ్యలో లేచి, నీళ్ళు తాగే నెపంతో బయట నడవలోకి వెళ్ళి నిలబడ్డాను.

జూన్ 18

ఆయన ఇంకా మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే లూసీని అడుగుతున్నారు.

జూలై 1, ఆదివారం

ప్రిన్సిపాల్ కాకపోవడమే మంచిదయింది. ఎంత తలనొప్పి తప్పిందో. ఆదివారం పొద్దున్నే ఎనిమిది దాకా పడుకోవచ్చు.

అయిదింటికే లేచి కూర్చున్నాను. వంటింట్లో గిన్నెలు తోముతూ, నాకు తెలియకుండానే పాఠం మొదటి వరస గట్టిగా అనేశాను. జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. ఇక్కడ దాచుకుని ఏం లాభం, ఏడ్చాను.

జూలై 15

ఏమీ లేదు.

ఆగస్టు 9, గురువారం

మిసెస్ కాంటర్ ఫోన్ చేసింది. హలో లేదు, ఎలా ఉన్నారని లేదు. "డెబ్రా ఇంకో టీచర్ దగ్గర చదవనని మంకుపట్టు పట్టింది. అక్టోబరు దగ్గరికొచ్చేసింది. మా ఆయనకి ఇష్టం లేదు. మీ ఇంటికి తీసుకొస్తాను. క్లాసు జరిగినంతసేపూ నేను అదే గదిలో కూర్చుంటాను" అంది.

"కూర్చోండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, నా ఇంట్లో నాకే కాపలానా అని ఒళ్ళు మండిపోయింది. వెంటనే హాలు ఊడ్చాను, ఊడ్చిన హాలే మళ్ళీ ఊడ్చాను.

ఆగస్టు 14, మంగళవారం

మా హాల్లో సోఫా పైన గోడకి ఒక పలక ఉంది. నల్లటి చెక్క మీద బంగారు రంగు తెలుగు అక్షరాలు, పక్కన ప్రభువు బొమ్మ. ఈ ఇంటికి క్రీస్తే యజమాని అని. పెళ్ళికి మా నాన్న ఇచ్చింది.

వాళ్ళు వచ్చే వేళకి ముందు నేను స్నానం చేసి వచ్చి చూద్దును కదా, గోడ మీద పలక లేదు. మా ఆయన స్టూలు మీద నిలబడి ఉన్నారు, పలక తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని. "వాళ్ళు వెళ్ళాక మళ్ళీ పెడదాంలే రూతూ" అన్నారు. రెండు నెలల తరవాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

సాక్ష్యాలు చెప్పే మనిషి. నా మీద అంత కోపంలో ఉన్న మనిషి. నా కోసం తన ప్రభువుని గోడ మీంచి దింపడానికి స్టూలు వేసుకున్నాడు. ఆ ప్రేమకి ఏం చెయ్యాలో తెలియక, "ఎవరు దింపమన్నారు, పెట్టండి అక్కడ" అని కసిరాను. పెట్టారు. వంకరగా పెట్టారు. నేను ఎక్కి సరిచేశాను, ఆయన స్టూలు పట్టుకున్నారు. "జయరాజు గారు ఎలా ఉన్నారు?" అని అడిగాను. "నీ గురించి అడుగుతున్నారు" అన్నారు.

మిసెస్ కాంటర్ లోపలికి వస్తూనే పలక చూసింది. ఇంకేదీ చూడలేదు. డెబ్రా బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తీసుకుంది. వాళ్ళమ్మ నిలబడే ఉంది.

"అక్కడేం రాసుంది?"

చెప్పాను.

"మీ అమ్మగారి స్వీట్లు. ఏ పండక్కి?"

"క్రిస్మస్‌కి. నర్సాపురంలో. బొంబాయి నేనెప్పుడూ చూడలేదు."

ఆవిడ తల ఊపింది, అనుకున్నదే అన్నట్టు. పర్సు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. "నేను ఇక్కడ కూర్చుంటానని అయితే అన్నాను. కానీ నాకు ఒక్క అక్షరం రాదు. మీరు అక్కడున్నదే చెప్తున్నారని నాకెలా తెలుస్తుంది?" అంది. గొంతులో కోపం కంటే ఎక్కువేదో ఉంది.

"నా మాట నమ్మమని అడగను. నేర్చుకోండి, తెలుస్తుంది" అన్నాను.

ఆవిడ కుర్చీ ఎత్తి, పలకకి వీపు పెట్టేట్టు అటు తిప్పుకుని, బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. "సరే, మొదటి అక్షరం నుంచి చెప్పండి" అంది.

డెబ్రా పుస్తకం మధ్యలోకి జరిపి, అమ్మ వేలు పట్టుకుని అక్షరం కింద పెట్టింది. నేను ఒకటి అన్నాను, వాళ్ళిద్దరూ అన్నారు. చప్పట్లు కూడా కొట్టించాను. ఆవిడ ఉచ్చారణ ఘోరం. గురువారం మళ్ళీ రమ్మన్నాను.